ఆసామి చుక్క

సిరిసిల్లలో సాంబయ్య కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు, మొదలయ్యే ముందు ప్రతి ఉదయం ఒక ఆచారం జరిగేది. షిఫ్టుకు వచ్చిన పనివారు గోడవారన ఉన్న సిమెంటు అరుగు మీద వరుసగా కూర్చొని ముఖాలు పైకెత్తేవారు. సాంబయ్య అద్దాల గదిలోంచి చిన్న తెల్లని సీసా పట్టుకొని వచ్చి, కళ్ళు మండుతున్నవారికీ దురద పెడుతున్నవారికీ ఒక్కొక్క చుక్క వేస్తూ అరుగు చివరి దాకా నడిచేవాడు. ఆ తర్వాతనే మెయిన్ స్విచ్ వేసేవారు. మరమగ్గాలు ఒకసారి కదిలితే ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినిపించదు గనుక, యజమానికీ పనివారికీ మధ్య ఆ రోజుకు జరగవలసిన నెమ్మదైన మాటలన్నీ ఆ చుక్కల వేళలోనే ముగిసేవి.

"మరిదీ, జర నిమ్మళంగ ఎయ్యి. నిన్న సగం చుక్క నా చెంపకే తాగిపిచ్చినవ్" అనేది సత్తవ్వ. ఆమె నూలు కండెలు చుట్టే మనిషి. సాంబయ్యకు దూరపు వరుసలో వదిన.

"చెంపకు గూడ చూపు రావాలె గదా వదినే."

"చెంపకెందుకు, నోటికెయ్యి. నిన్ను తిట్టేటప్పుడు మంచిగ కనబడ్తది."

అరుగంతా నవ్వేది. సాంబయ్య కూడా నవ్వేవాడు. మగ్గాలు సొంతంగా ఉన్నవాణ్ణి ఆ ఊళ్ళో ఆసామి అంటారు. ఆసాములు చాలామందే ఉన్నారు. కాని పనివారి కళ్ళలో తన చేతితో మందు వేసే ఆసామి తానొక్కడే అన్న తృప్తి ఆయనకు ప్రతి ఉదయం కొత్తగా కలిగేది. పక్క కార్ఖానాల వాళ్ళు దానికి 'ఆసామి చుక్క' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన పడినప్పుడల్లా విననట్టే ఉండేవాడు.

ఈ ఆచారం ఆయన తండ్రి నాటిది. చేనేత మగ్గాల కాలంలో ఆ పెద్దమనిషి నందివర్ధనం పూలు నీళ్ళలో తడిపి, నేతగాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళపై పెట్టించేవాడు. జగిత్యాల కళాశాలలో ఇంగ్లీషు మాధ్యమంలో బీకాం చదివిన సాంబయ్యకు పూలు మూఢత్వంగా కనిపించాయి. కొన్నేళ్ళ క్రితం కార్ఖానా అంతటా కండ్లకలక వ్యాపించినప్పుడు ఆయనకు కూడా సోకింది. డాక్టరు ఒక చుక్కల మందు రాసి వారం రోజులు వాడమన్నాడు. రెండో నాటికే ఎరుపు మాయమైంది. సాంబయ్య సీసా మీది చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి చదివాడు, పేరు గుర్తు పెట్టుకున్నాడు, పూల స్థానంలో ఆ సీసాను ప్రవేశపెట్టాడు. మందుల దుకాణంవాడు ఆయన మొహం చూసి ఇచ్చేవాడు. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని సీసా మీది ఎర్రగీత పక్కన రాసి ఉన్న వాక్యాన్ని ఆయన చదవకపోలేదు. అది చదువురాని వారి కోసం రాసిన హెచ్చరిక అని అర్థం చేసుకున్నాడు.

ఆయనకు మాత్రం ఆ మందు మళ్ళీ అవసరం పడలేదు. అద్దాల గదిలోకి నూలు దుమ్ము రాదు.

అరుగు మీద అందరికంటే ముందు కూర్చునేవాడు ఖలీల్. కోరుట్లవాడు, భార్య కుల్సుమ్ బీని, కూతురు మెహజబీన్‌ను అక్కడే ఉంచి, తాను కార్ఖానా వెనుక గదిలో ఉంటూ శుక్రవారాలు ఇంటికి పోయివచ్చేవాడు. అతని కళ్ళు దుమ్ముకు తొందరగా ఎర్రబడేవి. చుక్క పడగానే తేటపడేవి. ఇంటికి పోయేటప్పుడు సాంబయ్య అతని జేబులో ఒక సీసా పెట్టి పంపేవాడు.

ఖలీల్ నేత చూడముచ్చటగా ఉండేది. సాంచలు నడిపేవాడు ఎదుట ఉన్న మగ్గాన్ని మాత్రమే చూస్తే సరిపోదు. అటూ ఇటూ వెనుకా ఉన్న మగ్గాలన్నింటినీ తల తిప్పకుండా కనుకొసలతోనే కనిపెట్టాలి. పక్క సాంచ మీద పోగు తెగితే ఆ కదలిక ఓరచూపులో తగలాలి. అది తగలకపోతే తెగిన పోగు తెగినట్టే ఉండి, గుడ్డ పొడవునా గీత పడుతుంది. ఖలీల్ ఎప్పుడు చూసినా సరిగ్గా ఆ పోగు దగ్గరే ఉండేవాడు.

అటువంటివాడి గుడ్డలో గీతలు పడసాగాయి. ఎదుటి సాంచల మీద గుడ్డ నిక్షేపంగా ఉండేది. పక్క సాంచల మీద చెడిపోయేది. నడుస్తూ, నూలు చుట్టిన బీముల కొసలకు తొడలు కొట్టుకొనేవాడు. ఒకనాడు సాంబయ్య అతని భుజం పక్కనే నిలబడి చేయి ఊపి పిలిచాడు. ఖలీల్ పలకలేదు, చూడలేదు. ఆయనను అక్కడ లేనివాడి కింద లెక్కకట్టినట్టు ముందుకు సాగిపోయాడు. సాంబయ్య జీవితంలో తన పలకరింపుకు బదులు రాకపోవడం అరుదు. అది ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

మర్నాడు అరుగు మీద అందరూ కూర్చున్నప్పుడు ఆయన చెడిన గుడ్డను తెచ్చి విప్పి చూపించాడు.

"ఖలీల్, కండ్లు నెత్తిమీదికెక్కినయా? పక్క సాంచల పోగు తెగితే కనబడ్తలేదు. పక్కన మనిషి నిలబడితే కనబడ్తలేదు. రేపటి సంది కట్టె పట్టుకొని నడుస్తవా?"

ఎవరో నవ్వారు. ఖలీల్ గుడ్డ వైపు చూస్తూ, "నిద్ర తక్కువైంది, కాకా" అన్నాడు.

"నిద్ర తక్కువైతే ఇంట్ల పండుకో. ఇవ్వాల్టి సంది నీకు ఎదుటి రెండు సాంచలే. పక్కయి వేరేటోనికి ఇస్త."

పనితనం తెలిసిన మనిషికి అంతకంటే పెద్ద అవమానం లేదు. ఖలీల్ తల వంచుకున్నాడు. తర్వాత మామూలుగానే ముఖం పైకెత్తాడు. సాంబయ్య మామూలుగానే చుక్క వేశాడు.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం ఖలీల్ మలుపు తిరుగుతూ పక్కనుంచి వస్తున్న సత్తవ్వను గుద్దుకున్నాడు. కండెల గంప చెదిరిపోయింది. సత్తవ్వ మోచేయి సాంచ ఇనుముకు తగిలి రక్తం వచ్చింది. సాంబయ్య పరుగున వచ్చేసరికి ఆమె నేలమీదనే కూర్చొని, కండెలు ఏరుతున్న ఖలీల్ చేతులను చూస్తూ ఉంది. తన ఎదుట ఉన్న కండెలన్నీ ఏరి, పక్కన మోకాలి దగ్గర పడి ఉన్నవాటిని అతను వదిలేస్తున్నాడు.

"పిలగాన్ని తిట్టకు మరిదీ" అంది సత్తవ్వ. "దవాఖానకు తీస్కపో. ఏదో అయింది వీనికి."

సాంబయ్యే తన కారులో తీసుకుపోతానన్నాడు. కరీంనగర్ దగ్గరవుతుంది, కాని జగిత్యాల తాను చదివిన ఊరు, అక్కడ పద్మజ అనే కంటి డాక్టరు మంచి పేరున్న మనిషి, పరీక్ష కాగానే ఖలీల్‌ను కోరుట్లలో దింపి రావచ్చు. దారిలో ఆయన తన కళాశాల రోజుల గురించి మాట్లాడాడు. డాక్టరుతో ఇంగ్లీషులో చెప్పవలసిన వాక్యాలను మధ్యమధ్య మనసులో అమర్చుకున్నాడు. పనివారి కళ్ళ విషయంలో తాను తీసుకున్న శ్రద్ధ కూడా ఆ వాక్యాలలో ఒకటి.

డాక్టర్ పద్మజ ఖలీల్ గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, నీలి వెలుతురు వేసి, కంటి లోపలి ఒత్తిడి కొలిచింది. మరోసారి కొలిచింది. తర్వాత లైట్లు వేసి, అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ముక్కునే చూడు ఖలీల్. చూపు కదిలియ్యొద్దు. పక్కలకెంచి నా వేలు కనబడంగనే చెప్పు."

ఆమె వేలు ఖలీల్ చెవి పక్కన కదలడం మొదలుపెట్టింది. వెనుక నిలబడిన సాంబయ్యకు ఆ వేలు స్పష్టంగా కనిపిస్తూ ఉంది. వేలు చెంప దాటింది. ఖలీల్ మాట్లాడలేదు. కంటి కొస దాటింది. ఖలీల్ ఆమె ముక్కునే శ్రద్ధగా చూస్తూ ఉన్నాడు. 'చెప్పు' అనే మాట సాంబయ్య నాలుక మీదికి వచ్చింది. వేలు దాదాపు ఆమె ముఖం ముందుకు వచ్చాక, "ఆఁ, కనబడ్డది" అన్నాడు ఖలీల్, సరైన జవాబు చెప్పినవాడిలాగా.

రెండో వైపు కూడా అంతే అయింది.

"కండ్లల్ల ఏమన్న చుక్కలు వాడుతున్నవా?"

ఖలీల్ చొక్కా జేబులోంచి సీసా తీసి ఇచ్చాడు. సాంబయ్య గొంతు సవరించుకున్నాడు. అమర్చుకున్న వాక్యం సిద్ధంగా ఉంది. డాక్టరు సీసాను వెలుతురులోకి తిప్పి చదివింది.

"ఎన్ని దినాల సంది?"

"నాలుగేండ్లు దాటె మేడం. రోజు పొద్దుగాల."

ఆమె సీసాను బల్ల మీద పెట్టింది. పెట్టిన తీరు చూసి సాంబయ్య నోటిలోని వాక్యం ఆగిపోయింది.

"ఎవరు రాసిచ్చిండ్రు?"

ఖలీల్ ఆయన కోసం వెతికాడు. పక్కనే నిలబడి ఉన్న మనిషిని చూడడానికి అతను కుర్చీలో మొత్తం తిరగవలసి వచ్చింది. ఆ ముఖాన్ని ఒక్కసారి చూసి మళ్ళీ ముందుకు తిరిగాడు.

"ఎవరు రాయలే. మెడికల్ షాపుల నేనే అడిగి తీస్కున్న."

సాంబయ్య ఏమీ అనలేదు. అనవలసిన మాట ఒకే ఒక్క పదం. అది తెలుగులోనూ చిన్నదే, ఇంగ్లీషులోనూ చిన్నదే.

"మీరు చేసే పనే ఇది" అంది డాక్టరు ఖలీల్‌తో, కోపం అణచుకుంటూ. "ఇది స్టెరాయిడ్ చుక్క. డాక్టరు చూసి, కొన్ని దినాలకే ఇచ్చే మందు. ఎరుపును కప్పేస్తది, దురదను పండవెడ్తది. దుమ్మును మాత్రం ఆపది. ఊకె వాడితె కొందరికి కంటి లోపలి నీటి ఒత్తిడి పెరుగుతది. ఆ ఒత్తిడికి చూపు నరం కొద్ది కొద్దిగ ఎండుతది. నీటికాసులు అంటరు. నొప్పి ఉండది, ఎరుపు ఉండది. కండ్లు తెల్లగ, తేటగ కనబడ్తయి. ముందు పక్కల చూపు పోతది, నడిమి చూపు ఆఖర్న పోతది. అందుకే మనిషికి తెలువది."

"పోయింది మల్ల అస్తదా మేడం?"

"రాదు."

ఖలీల్ తల ఊపాడు.

"ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఇది బందు. నేను రాసే చుక్కలు రోజు వెయ్యాలె, చెప్పిన టైముకు వెయ్యాలె. వేస్తే తేడా ఏం తెలుస్తలేదని మానెయ్యొద్దు. తేడా తెలువకపోవుడే దాని పని. చెప్పినప్పుడల్ల వచ్చి ఒత్తిడి చూపించుకోవాలె. ఒత్తిడి తగ్గకపోతే ఆపరేషన్ దాక పోవచ్చు. మీ ఇంటోళ్ల కండ్లు గూడ ఒకసారి చూపించు."

ఆమె సాంబయ్య వైపు తిరిగింది. ఇస్త్రీ చొక్కాను, జేబులోని పెన్నును చూసింది.

"చదువుకున్నోళ్లు మీరు. ఇసొంటియి కొనొద్దని మీరన్న చెప్పొద్దా సార్?"

"చెప్తాను" అన్నాడు సాంబయ్య.

కోరుట్ల దారి పొడవునా ఆ మాటే ఆయన చెవులలో తిరిగింది. అబద్ధం ఆడిన సందర్భాలు జీవితంలో ఉండవచ్చు. తన స్థానంలో మరొకరు తిట్లు తింటుంటే మర్యాదస్థుడిలా నిలబడిన సందర్భం ఆయనకు గుర్తు లేదు. కట్టె పట్టుకొని నడుస్తవా అని తాను అందరి ముందూ అడిగిన ఉదయం గుర్తుకు వచ్చింది. అడిగిన తర్వాత కూడా చుక్క వేశాడు.

"ఎందుకు గట్ల చెప్పినవ్?" అన్నాడు, ఊరు కనిపిస్తుండగా.

ఖలీల్ అద్దంలోంచి ముందుకే చూస్తూ ఉన్నాడు. "నీ మొఖం జూసిన, కాకా. ఆమె ముందట నువ్వు మాటలు పడుడు నాకు మంచిగనిపియ్యలే."

"నేను చెప్పాల్సింది."

"చెప్తే నా పక్కలు అస్తయా?" అతని గొంతులో నిష్ఠూరం లేదు. "కావాలని చేసినవా ఏంది."

ఇంటి ముందు కారు ఆగగానే నమాజు వేళ అవుతోందని, తాను ఇంట్లో చెప్పుకుంటానని, ఆయనను చాయ తాగి వెళ్ళమని చెప్పి ఖలీల్ మసీదు వైపు నడిచాడు. గోడ పక్కగా, అరచేతిని గోడకు తగిలిస్తూ నడిచాడు. అతను అలా నడవడం సాంబయ్య ఆనాడే మొదటిసారి గమనించాడు.

కుల్సుమ్ బీ కుర్చీ తుడిచి వేసింది. "పనోనికోసం ఆసామి కారేసుకొని దవాఖానకు పోయిండంటే మా గల్లీల ఎవరు నమ్మరు చాచా. డాక్టరమ్మ ఏమన్నది?"

"ఆయన వచ్చి చెప్తాడమ్మా."

పదకొండేళ్ళ మెహజబీన్ బడి సంచి మూలన పడేసి, రెండు పిడికిళ్ళతో కళ్ళు నలుపుకుంటూ వచ్చి తల్లి పక్కన నిలబడింది. కుల్సుమ్ బీ మాటలు ఆపకుండానే గూట్లోకి చేయి పెట్టి తెల్లని సీసా తీసింది.

"ఎండలు ముదిరితే చాలు, ఈమె కండ్లు గిట్లనే. మీ చుక్కనే చాచా. ఇది లేకపోతే బడికే పోదు." ఆమె బిడ్డ గడ్డం పట్టుకుంది. పిల్ల అలవాటుగా ముఖం పైకెత్తింది. అచ్చంగా అరుగు మీది పనివారు ఎత్తినట్టే.

సాంబయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ సీసా ఇటియ్యమ్మా."

"ఏమైంది?"

"అది... పాతదైంది. పాత మందు వెయ్యకూడదు."

"పోయిన నెలనే తెచ్చిండు ఆయన" అంటూనే ఆమె సీసాను ఆయన చేతిలో పెట్టింది. "మీకు తెలుస్తది, చదివినోళ్లు. అయితే కొత్తది పంపియ్యుండ్రి చాచా, మర్చిపోకుండ్రి."

సాంబయ్య తల ఊపాడు. సీసాను జేబులో వేసుకున్నాడు. చాయ తాగకుండా బయటికి వచ్చి కారులో కూర్చున్నాడు. ఆసుపత్రిలో నోరు తెరవలేదు. ఇక్కడ తెరిచి అబద్ధం చెప్పాడు. తన పేరు కాపాడుకోవడానికి ఒక పసిపిల్లను పాత మందు అనే మాట మీద వదిలి వస్తున్నాడు. ఖలీల్ వచ్చి చెబుతాడు, నిజమే. కాని ఖలీల్ ఏం చెబుతాడో ఆయనకు తెలుసు. తానే అడిగి కొనుక్కున్నానని చెబుతాడు. భార్యతో కూడా మాటలు పడతాడు.

మెహజబీన్ పరుగెత్తుకుంటూ వచ్చి కారు కిటికీ దగ్గర నిలబడింది. ఆయన కుర్చీ పక్కన మరిచిన కళ్ళజోడు డబ్బా ఆమె చేతిలో ఉంది.

"తాతా, కొత్త చుక్క గూడ గిట్లనే మండకుంట ఉంటదా? మా దోస్తు ఏసుకునేది మస్తు మండుతదట."

సాంబయ్య కారు దిగాడు. పిల్ల ముందు నడుస్తుండగా లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"కుల్సుమ్ బీ, నేను నీకు అబద్ధం చెప్పిన. మందు పాతది కాదు. చెడ్డది. ఖలీల్ కండ్ల పక్కల చూపు దానితోనే పోయింది. ఆ మందు నేనే ఇచ్చిన. డాక్టరు ఎవరిచ్చిండ్రని అడిగితే నేను చెప్పలేదు. ఖలీల్ తన మీద వేసుకున్నడు."

కుల్సుమ్ బీ పిల్లను దగ్గరికి లాక్కొని, కొంగుతో బిడ్డ రెండు కళ్ళూ తుడిచింది. అప్పటికే లోపలికి పోయినదాన్ని తుడవగలిగినట్టు.

"పోయిన చూపు..."

"రాదు. ఉన్నది నిలుస్తుంది, మందు వాడితే."

"ఈమెకు?"

"నాకు తెలియదు. చూపించాలి."

నాకు తెలియదు అనే మాట ఆయన ఆ ఇంట్లోనే కాదు, ఎక్కడా అన్నట్టు గుర్తు లేదు.

"రేపు మీరే తీస్కపోవాలె" అంది కుల్సుమ్ బీ. గొంతు పెద్దది చేయలేదు. చాచా అని కూడా అనలేదు. "అక్కడ మా ఆయనతోని మాట్లాడియ్యొద్దు. మీరే మాట్లాడాలె."

మరునాడు ఉదయం అరుగు మీద ముఖాలు ఎప్పటిలాగే పైకెత్తి ఉన్నాయి. సాంబయ్య వట్టి చేతులతో వచ్చాడు. మొదట ఎవరూ గమనించలేదు. కళ్ళు కప్పు వైపు ఉన్నాయి. ఆయన ఎదురుగా నిలబడి చెప్పాడు. సంగతి కుదురుగా చెప్పాలని ఇంటి దగ్గర వాక్యాలు కూర్చుకున్నాడు. తీరా నోరు తెరిస్తే అవి ఒక్కటీ రాలేదు. ఖలీల్ పక్కచూపు పోయిందని, తన చుక్కతోనే పోయిందని, తాను అందరి ముందూ అతన్ని వెక్కిరించానని చెప్పాడు. మీ అందరి కళ్ళనూ చూపించాలని చెప్పాడు. ఒక్కొక్క ముఖం కిందికి దిగింది.

"గీ నాలుగేండ్లు మా కండ్లల్ల పోసింది మందా, మన్నా మరిదీ?" అంది సత్తవ్వ.

ఆయన తన వట్టి చేతులను వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ నాయిన పూలు పెట్టిచ్చిండు. గుణం రాకపాయె, చెడుపు గూడ రాకపాయె." ఆమె లేచి చీర దులుపుకుంది. "బండి మాట్లాడు. ఇవ్వాళ సాంచలు ఎట్లగూ నడువయి."

ఆ రోజు మెయిన్ స్విచ్ వేయలేదు. వ్యాను రుద్రంగి మీదుగా కోరుట్ల పోయి ఖలీల్‌నూ కుల్సుమ్ బీనీ పిల్లనూ ఎక్కించుకొని జగిత్యాల చేరింది. దారిలో సాంబయ్యతో ఎవరూ పరిహాసమాడలేదు. ఆయన దానికి సిద్ధపడే ఉన్నాడు.

డాక్టర్ పద్మజ వరండాలో ఉన్న మందిని చూసి, "వీళ్లంత ఎవరు?" అంది.

"నా కార్ఖానా మనుషులు."

ఆమె మొదట మెహజబీన్‌ను కూర్చోబెట్టింది. పరీక్ష అయ్యేదాకా కుల్సుమ్ బీ గోడకు ఆనుకొని కదలకుండా నిలబడింది.

"పిల్లకు చుక్కలు ఎవరిచ్చిండ్రు?" అని డాక్టరు ఖలీల్ వైపు చూసింది. ఖలీల్ నోరు తెరవబోయాడు.

"నేను" అన్నాడు సాంబయ్య. "ఖలీల్‌కు కూడా నేనే ఇచ్చాను. నిన్న మీరు అడిగినప్పుడు ఇక్కడే నిలబడి ఉన్నాను, చెప్పలేదు. మీరు అతన్ని అన్న మాటలు నన్ను అనవలసినవి."

డాక్టరు ఆయనను చూసింది. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. అది ఆయనకు మరింత కష్టంగా తోచింది. ఆమె కొత్తగా తిట్టలేదు. పిల్ల వైపు తిరిగి కుల్సుమ్ బీతో మాట్లాడింది.

"ఒత్తిడి కొంచెం పెరిగింది. నరం మంచిగనే ఉన్నది. చుక్క బందు చేస్తే దిగుతది. కొన్ని వారాలైనంక మళ్ల చూస్త. దురదకు వేరే మందు రాస్త. కండ్లు నలుపనియ్యొద్దు. దురద పెడ్తే చల్లటి నీళ్లల్ల ముంచిన శుభ్రమైన గుడ్డ పెట్టు."

కుల్సుమ్ బీ ఒక్కసారి కూర్చుండిపోయింది.

తర్వాత ఒక్కొక్కరూ లోపలికి వచ్చారు. డాక్టరు ప్రతి ఒక్కరినీ అదే ప్రశ్న అడిగింది, అది ఆమె పద్ధతి గనుక. ప్రతిసారీ ఆ మనిషి సాంబయ్య వైపు చూశాడు. ప్రతిసారీ సాంబయ్య తన పేరు చెప్పాడు. సులువవుతుందేమో అనుకున్నాడు. కాలేదు. చాలామందికి ఒత్తిడి మామూలుగానే ఉంది. ఒక కుర్రవాడికి అసలు జబ్బే లేదు. దగ్గరి పోగు చూడడానికి కళ్ళద్దాలు కావాలంతే, తలనొప్పిని మంట అనుకున్నాడు. దుమ్ము పడకుండా అద్దాలు పెట్టుకొమ్మని, పని దిగగానే ముఖం కడుక్కొమ్మని, కండ్లకలక వచ్చి కళ్ళు పుసులు కడితే ఎవరి తువ్వాల వాళ్ళే వాడి పనికి రాకుండా ఉండమని, ఒక సీసా కొనను ఇందరి కళ్ళకు తగిలించవద్దని డాక్టరు చెబుతూ ఉంటే, ఆయన ప్రతి మాటకూ తన అరుగును చూసుకున్నాడు.

సత్తవ్వ ఎడమ కంటిలో శుక్లం ఉంది.

"గీ చుక్కతోనేనా?" అంది ఆమె.

"వయసుతోని గూడ అస్తదవ్వా. ఈ చుక్క తొందర చేసి ఉండొచ్చు. చెప్పుడు కష్టం. ఆపరేషన్ చేస్తే మంచిగ కనబడ్తది."

"పూలు పెట్టుకోనా అప్పటిదాక?"

"పూలు, ఆకు పసరు, తేనె, ఏది పెట్టుకోకు."

సత్తవ్వ బయటికి వస్తూ సాంబయ్య దగ్గర ఆగింది. "ఆపరేషన్ అయినంక నీ మొఖం సక్కగ కనబడ్తదట మరిదీ. అప్పుడు తిడ్త" అంది. ఆమె నవ్వలేదు. అయినా మరిదీ అన్నది.

సాయంత్రానికి అందరూ వ్యాను ఎక్కుతున్నారు. ఖలీల్ ఆసుపత్రి మెట్ల మీద కొత్త చుక్కల సీసా పట్టుకొని, కూతురు చెప్పులు వేసుకునేదాకా నిలబడి ఉన్నాడు. సాంబయ్య అతని పక్కకు వచ్చి నిలిచాడు. మాట్లాడబోయి ఆగాడు. తాను అక్కడ ఉన్నట్టు ఖలీల్‌కు తెలియదు. వీధిలో వాహనాల చప్పుడు. అతని చూపు సూటిగా ఎదుట, మందుల దుకాణం వైపు ఉంది.

ఒకనాడు సాంచల నడుమ, ఇలాగే ఈ భుజం పక్కన నిలబడి, పలకలేదని ఈ మనిషి మీద కసి పెంచుకున్నాడు. సాంబయ్య మెట్లు దిగి, చుట్టూ తిరిగి, ఖలీల్ ముఖానికి ఎదురుగా వచ్చి, ఒక మెట్టు కింద నిలబడ్డాడు.

"కాకా" అన్నాడు ఖలీల్, చూసి.

"పక్క సాంచల మీది నుంచి నిన్ను తీసేసిన నాడు..." అని మొదలుపెట్టాడు సాంబయ్య. మిగతా వాక్యం రాలేదు.

ఖలీల్ ఎదురుచూశాడు. తర్వాత సీసాను ఆయన వైపు చాచాడు. "ఇది పొద్దుగూకినంక వెయ్యాలెనట. నాకు చెయ్యి కుదురది. మీద ఏం రాసున్నదో జర సదువు. మొత్తం సదువు."

సాంబయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి అక్షరం నుంచి, ఎర్రగీత పక్కన ఉన్న వాక్యం సహా, పైకి చదవసాగాడు.